కొండకర్ల ఆవలో నీటికాకి చిక్కిన ఉదయం

మా కదిరి ఆసుపత్రిలో ఎక్స్‌రే గది కిటికీలకు నల్లరంగు పూసి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం ఆ గదిలోనే. మేరీ రత్నం మా దగ్గర నర్సుగా ఉన్న ఆరేళ్ళూ మధ్యాహ్నం క్యారియరు తెచ్చుకుని అక్కడే తినేది, చల్లగా ఉంటుందని. తర్వాత ఆమె సొంత ఊరు అనకాపల్లికి వెళ్ళిపోయింది. అక్కడ ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో పని. నెలకోసారి ఫోన్ చేసేది. మాటలన్నీ అయిపోయాక, "ఉండు లలితా, ఫోను పెట్టీకు" అని ఫోన్‌ను గాలిలోకి ఎత్తి పట్టుకునేది. అటువైపు నుంచి కువకువలు, ఈలలు, ఎవరో తలుపు గడియ తీస్తున్నట్టు కిర్రుమనే అరుపులు వచ్చేవి. "ఏమే అవి?" అంటే, "ఆవలో పిట్టలు. ఒకసారొచ్చి సూసుకో" అనేది.

అక్కడివాళ్ళు ఆవ అనేది చిత్తడి చెరువును. అది నేను వెళ్ళేదాకా నాకు తెలీదు. నా ఊహలో అదేదో తోట. మూడేళ్ళపాటు ఆ చీకటి గదిలో ఫోన్ చెవికి ఆనించుకుని, లేని తోటలో లేని చెట్ల మీద ఆ పిట్టల్ని కూర్చోబెట్టుకున్నాను. మొన్న చలికాలంలో నాలుగు రోజులు సెలవు దొరికింది. ఎవరినీ తోడు రమ్మనకుండా రైలెక్కాను.

ఎలమంచిలి దాటాక

రైల్లో నిద్రపట్టక కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎలమంచిలిలో రైలు ఆగినప్పుడు ఒకామె తేగల కట్టలున్న బుట్టతో ఎక్కింది. ఉడికించిన తేగలు, కట్ట ఇరవై రూపాయలు. మా వైపు తాటిచెట్లు ఉన్నా ఇవి అమ్మేవాళ్ళను నేను చూడలేదు. ఎలా తినాలో తెలీక మొదలు నుంచి చివరిదాకా చెరకు నమిలినట్టు నమలబోయాను.

"అలగ కాదమ్మా, సీల్సాల" అంటూ ఆమె నా చేతిలోంచి తీసుకుని నిలువుగా చీల్చింది. లోపల తెల్లటి మెత్తటి పుల్ల ఒకటి బయటపడింది. "ఇది సందమామ. ముందు ఇది తినాల" అంది.

"మీరు యాడ దిగుతారమ్మా?" అని అడిగాను.

"యాడ" అనే మాటకు ఆమె పకపకా నవ్వింది. పక్క సీటువాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వేశాను. రైలు మళ్ళీ కదిలింది. బయట చెరకు తోటలు, వాటి మధ్య అక్కడక్కడా పొగ. ఆ పొగతో పాటు కాగుతున్న బెల్లం వాసన కిటికీలోంచి వచ్చింది. మూడు మైళ్ళ పొడవునా పండగ వంట ఏదో జరుగుతున్నట్టు ఉంది. ఆ వాసనలోనే అనకాపల్లిలో దిగాను.

మేరీ ఇల్లు

మేరీ భర్త పరవాడలో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఆ రాత్రి ఇంట్లో మేమిద్దరమే. భోజనానికి ముందు ఆమె కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. అందులో నా పేరు కూడా వచ్చింది, "ప్రయాణం క్షేమంగా నడిపించినందుకు" అని. నాకోసం ఇంత సూటిగా దేవుడికి ఎవరూ చెప్పినట్టు గుర్తులేదు.

గ్లాసులో చోడి అంబలి పోసి ఇచ్చింది. తాగి, "ఇది రాగి కదా!" అన్నాను. అవును, మేము రాగులనేవి ఇక్కడ చోళ్ళు. మేము వాటిని ముద్ద కట్టి సంగటి చేసి పప్పులో ముంచుకుంటాం. వీళ్ళు పల్చగా కాచి, పులియబెట్టి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. ఒకే గింజ రాష్ట్రానికి ఆ కొసన గట్టిగా, ఈ కొసన పల్చగా ఉంది. నీళ్ళున్నచోట అంతే కాబోలు.

"పొద్దున్న మనల్ని ఆవలో తిప్పడానికి నూకరాజు దోనె కడతాడు. మంచివాడే. తక్కువ మాట్లాడతాడు" అంది మేరీ.

"ఎందుకట్లా?"

"రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయింది. ఆవిడకి ఒంట్లో బాలేదని వీడు వాళ్ళక్కకి కబురు పంపడం ఆలస్యం చేసేడు. అక్క వచ్చేసరికి అంతా అయిపోయింది. కడసారి మాట కూడా దక్కలేదు. బావ పైడయ్య ఆ రోజే అందరి ముందూ 'ఇంక ఈడి మొకం సూడను' అన్నాడు. ఇద్దరివీ పక్కపక్క రేవులు. రోజూ నీళ్ళ మీద ఎదురవుతారు, పలకరించుకోరు."

అంతే చెప్పి దీపం ఆర్పింది. నేను ఆ సంగతి పట్టించుకోకుండా పిట్టల గురించే ఆలోచిస్తూ నిద్రపోయాను.

మునగపాక రోడ్డు

తెల్లవారకముందే మేరీ స్కూటరు మీద బయలుదేరాం. మంచు దట్టంగా పడుతోంది. ఎదురుగా కంపెనీ బస్సులు వస్తున్నాయి. ప్రతి కిటికీకీ ఒక నిద్రపోతున్న తల ఆనుకుని ఉంది. లైట్లు దగ్గరకొచ్చి, మమ్మల్ని దాటి, వెనక మంచులో కలిసిపోతున్నాయి. ఇంతమంది నిద్రను మోసుకుంటూ అవి ఎక్కడికో పోతుంటే మేమిద్దరమే మేలుకుని ఉన్నట్టు అనిపించింది.

మునగపాక దాటాక ఒక పాక హోటల్ దగ్గర ఆగాం. బెల్లం టీ పది రూపాయలు. ఇడ్లీల మీద శనగపిండితో చేసిన పల్చటి పచ్చటి చట్నీ పోశాడు. మా దగ్గర దాన్ని పూరీకి తప్ప వేయరు. నేను "కారం పొడి లేదా?" అని అడిగితే, హోటలాయన నన్ను ఎగాదిగా చూసి, "పొద్దుపొద్దున్నే కారమేటమ్మా, కడుపు మండదేటి?" అని ఇంకో గరిటె చట్నీ పోశాడు. నోరు మూసుకుని తిన్నాను. బాగుంది.

ఆవ గట్టు

గట్టు దిగేటప్పుడే నా కుడికాలి చెప్పు బురదలో దిగబడిపోయింది. చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదు. మిగిలిన ఒక్క చెప్పుతో ఏం చేస్తాం? దాన్ని గట్టు మీద వదిలేసి, మడమలదాకా చల్లటి బురదలో నడిచాను. కదిరిలో చెప్పుల్లేకుండా బయటికి వెళితే పల్లేరు కాయలు గుచ్చుకుంటాయి. ఇక్కడ నేల కాళ్ళను మెత్తగా పట్టుకుని, వదలడానికి కాస్త ఆలోచించి వదిలింది.

నీళ్ళు కనబడలేదు. మంచే కనబడింది. ఆ మంచులోంచి ఒక మనిషి నడుం పైభాగం మాత్రం కదులుతూ మా వైపు వచ్చింది. దగ్గరికొచ్చాక కింద దోనె కనిపించింది. రెండు తాటి మానుల్ని తొలిచి, పక్కపక్కన పెట్టి కట్టేశారు. అంతే పడవ. నూకరాజుకు నలభై ఏళ్ళుంటాయేమో. తలకు తువ్వాలు, చేతిలో పొడవాటి గెడ.

"రండి సిస్టరమ్మా. మేడం, మద్దిలో కూకోండి. లెగిసి నిలబడకండి" అన్నాడు. మేమెక్కి కూర్చోగానే గెడతో దోనెను గట్టు నుంచి నెట్టాడు.

నీళ్ళ మీద

ఆ గంట గురించి చెప్పడానికి నా దగ్గర సరైన మాటల్లేవు. గెడ నీళ్ళలో దిగడం, లేవడం, దాని కొసనుంచి చుక్కలు రాలడం. అంతకుమించి చప్పుడు లేదు. తామరాకులు దోనె కింద ఒరుసుకుంటూ పోతున్నాయి. మా ఆసుపత్రి డాక్టరుగారి దగ్గర అరువు తెచ్చుకున్న బైనాక్యులర్లు మంచుకు మసకబారి ఎందుకూ పనికిరాలేదు. మెళ్ళో వేలాడదీసుకుని ఊరికే కూర్చున్నాను.

మొదట శబ్దాలే వచ్చాయి. ఫోన్‌లో విన్న ఈలలు ఇప్పుడు నాలుగు దిక్కులా ఉన్నాయి. ఆ తర్వాత మంచు పొరలు పొరలుగా తేలుతూ పోతుంటే, ఒక్కో పొర వెనకా ఒక్కొక్కటి బయటపడింది. రెల్లు మొదట్లో ఊదారంగు నీటికోడి, ఎర్రటి కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ. తామరాకు మీద పొడవాటి వేళ్ళతో నడుచుకుంటూ పోయే చిన్న పిట్ట ఒకటి. అది అడుగేస్తే ఆకు కుంగుతుంది, కానీ మునగదు. ఒక మొండి కర్ర మీద నలుపూ తెలుపూ లకుముకి పిట్ట. నత్తగుల్ల కొంగలు వరసగా నిలబడి, ఎవరికోసమో ఎదురుచూస్తున్న చుట్టాల్లా మా వైపు తలలు తిప్పాయి.

"అవి ఈల బాతులు" అంది మేరీ గుసగుసగా. పైకి చూశాను. తెల్లటి ఆకాశంలో తెల్లటి మంచు వెనక, వాటి నీడలే కనబడ్డాయి. మెడలు, రెక్కల కొసలు, మధ్యలో పల్చటి వెలుగు. నా జీవితమంతా చూసిన ఎక్స్‌రే చిత్రాలు అలాంటివే. అయితే ఇవి ఎగురుతున్నాయి.

నేనెంతసేపు అలా ఉన్నానో తెలీదు. మేలుకుని ఉన్నానో, రైల్లోనే నిద్రపోయి కల కంటున్నానో కూడా కాసేపు తెలీలేదు.

వల

రెల్లు దుబ్బుల పక్కన టపటపమని నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. నూకరాజు గెడ ఆపేశాడు.

నీళ్ళ మీద ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వరసగా తేలుతున్నాయి. వాటి కింద వల. రెండు సీసాల మధ్య ఒక నల్లటి పిట్ట మెడ పైకి చాపి కొట్టుకుంటోంది. నీటికాకి. దాని మెడకూ ఒక రెక్కకూ వల చుట్టుకుపోయింది. ఒక రెక్కతో నీళ్ళను బాదుతోంది, మునుగుతోంది, మళ్ళీ తల పైకి తెస్తోంది.

"తియ్యండన్నా దాన్ని!" అన్నాను.

నూకరాజు కదల్లేదు. "అది మా బావ వల మేడం" అన్నాడు.

"అయితే ఏమైంది? చిక్కు తీసేస్తే సరి."

"నీటికాకి సేపలు తినేత్తాది. మాకు దొంగ పిట్ట" అన్నాడు. కానీ ఆ మాటలో పట్టు లేదు. దోనె దానంతట అదే కాస్త దగ్గరికి జరిగింది. మేరీ వంగి వలను ఎత్తి చిక్కు తీయబోయింది. లాగినకొద్దీ దారం మెడలోకి దిగుతోంది. పిట్ట నోరు తెరిచింది, అరుపు రాలేదు.

"బావ ఎండెక్కేక వత్తాడు వల తియ్యడానికి" అన్నాడు నూకరాజు.

"అప్పటిదాకా ఉండదు" అంది మేరీ.

అతనికీ తెలుసు. తామరపూలు కోసే చిన్న కత్తి అతని కాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని చూశాడు, మళ్ళీ వలను చూశాడు. "నాను ఆడి వల మీద కత్తెడితే, కచ్చి కొద్దీ కోసేననుకుంటాడు. ఊరంతా అదే అనుకుంటాది."

"నేను కోస్తాను. నేనే కోసినానని చెప్తాను. నేను పరాయి ఊరిదాన్ని, నన్నేమనినా ఎల్లుండి రైలెక్కి పోతాను" అన్నాను. నిజంగానే చెయ్యి చాపాను.

అతను కత్తి నాకివ్వలేదు. దోనె మెల్లగా పక్కకు తిరుగుతోంది. పిట్ట మునిగింది. ఈసారి పైకి రావడానికి చాలాసేపు పట్టింది.

"మా అమ్మకి బాగోనప్పుడు కూడా ఇలగే కూకున్నాను" అన్నాడు, మాకు కాదు, నీళ్ళకు చెబుతున్నట్టు. "పొద్దున్న సెబుదాంలే, పొద్దున్న సెబుదాంలే అని."

మోకాళ్ళ మీద వంగి, ఒక చేత్తో వలను, పిట్టను కలిపి పైకెత్తి, కత్తితో కోశాడు. ఒకటి, రెండు, ఇంకా కొన్ని వల కళ్ళు తెగాయి. పిట్ట అతని చేతి మీద ముక్కుతో ఒక్క పోటు పొడిచింది. అతను "అబ్బా" అని దాన్ని నా ఒళ్ళో పడేశాడు.

ఎముకల్ని రెండు దశాబ్దాలుగా చూస్తున్నాను గానీ, వాటిని ఫిల్ము మీద నీడలుగా చూడ్డమే. చేతిలోకి ప్రాణంతో ఉన్న రెక్క రావడం అదే మొదటిసారి. మేరీ తన చున్నీ దాని తల మీద కప్పింది. నేను భుజం నుంచి కొసదాకా వేళ్ళతో తడిమాను. అగ్గిపుల్లలంత సన్నటి ఎముకలు. ఎక్కడా విరిగి మెట్టులా తగల్లేదు, ఎక్కడా కరకరలాడలేదు. దాని గుండె మాత్రం నా మణికట్టు మీద టకటకటకా కొట్టుకుంటోంది.

"విరగలేదు" అన్నాను.

చున్నీ తీశాం. అది దోనె అంచుమీదికి పాకి, రెండు రెక్కలూ విప్పి, ఆరబెట్టుకుంటున్నట్టు నిలబడింది. ఆకుపచ్చటి కళ్ళతో మమ్మల్ని ఒకసారి చూసి, తలకిందులుగా నీళ్ళలోకి దూకింది. ఎక్కడ తేలిందో మాకు కనబడలేదు. రెల్లులోకి పోయుంటుందని మేరీ అంది. నేను నమ్మాను.

నూకరాజు అప్పటికే గెడ అందుకున్నాడు. "మేడం, పిట్టల్ని సూడ్డం ఇంక రేపెట్టుకోండి. నాను బేగి మా బావ రేవుకెల్లాల" అన్నాడు.

పక్క రేవు

పైడయ్య ఒడ్డున కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. యాభై దాటిన మనిషి, నెరిసిన మీసాలు. మా దోనె తన రేవుకే వస్తోందని తెలిశాక నిలబడ్డాడు. నూకరాజు నీళ్ళలోంచి తీసి దోనెలో వేసుకున్న వలకు, తెగిన చోట ఆనవాలుగా ఆకుపచ్చటి రెల్లు పుల్ల ఒకటి కట్టి, చేతుల్లో పోగేసుకుని తెచ్చాడు. దాన్ని ఒడ్డున పెట్టి, పదడుగుల దూరంలో నిలబడ్డాడు.

పైడయ్య వలను విప్పి కన్నం చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"మేడం, మీరే ఊరోరో నాకు తెల్దు. ఆడిని అడగండి, నా వల మీద కత్తెందుకెట్టేడో."

నేను నూకరాజు వైపు తిరిగాను. "ఎందుకు కోసినావని అడుగుతాండాడన్నా."

"నీటికాకి పడ్డాదని సెప్పండి."

"నీటికాకి పడిందంట."

"ఇన్నాను. నాకు సెవులున్నాయి" అన్నాడు పైడయ్య. "నీటికాకి కోసం వల కోత్తారేటి ఎవులైనా? అడగండి."

"సచ్చిపోతాదని కోసేను. కోసింది నానే. ఇంకోల సేత సెప్పించకుండా నానే సెబుదారని వచ్చేను. ఎండెక్కీదాకా ఆగనేదు. ఆడికి సెప్పండి మేడం."

నేను నోరు తెరిచేలోపే పైడయ్య బీడీ కింద పారేశాడు. "ఆ బుద్ది ఆడి అమ్మ పోయిన్నాడు ఏటైపోనాదో అడగండి."

ఆ మాటను నేను ఇటునుంచి అటు మోయలేకపోయాను. నా చెయ్యి మేరీ పట్టుకుంది. ఇద్దరం నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాం. మంచు కరిగిపోయి, ఎండ సన్నగా ఆవ మీద పరుచుకుంటోంది.

"తప్పే బావా" అన్నాడు నూకరాజు.

సూటిగా అతనితోనే అన్నాడు. పైడయ్య ముఖం తిప్పుకోలేదు.

"రేతిరి పూట అక్కని బెంగెట్టడమెందుకనుకున్నాను. తెల్లారేక కబురెడదారనుకున్నాను. తెల్లారీసరికి అమ్మ నేదు. మీ గుమ్మంలోకొచ్చి సెప్పడానికి నాకు మొకం నేకపోనాది. అదే, అంతే."

పైడయ్య వంగి వల కొస ఒకటి తీసి నూకరాజు మీదికి విసిరాడు.

"పట్టు. గట్టిగా పట్టు. నాలుగు కళ్ళు కోత్తే సరిపోయేదానికి ఏడు కోసేవు. కత్తి పట్టడం ఎప్పుడొచ్చి సచ్చింది నీకు?"

"రెల్లులో వల ఎయ్యడమేటి నువ్వు? ఒకటో తరగతి గుంటడికి తెల్దా, అక్కడ పిట్టలు పడతాయని?"

"నాకు నేర్పుతావేటి? నీకు దోనె తొయ్యడం నేర్పినోడెవడురా?"

"నేర్పినోడివి సరిగ్గా నేర్పాల!"

అరుపులు పెరిగాయి. పైడయ్య తాటాకు పాకలోంచి వల కుట్టే వెదురు సూది, నైలాను దారం తెచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూలబడి, వలను మోకాళ్ళ మీద పరుచుకుని, ఒకరినొకరు తిట్టుకుంటూనే చిక్కులు తీయడం మొదలుపెట్టారు. మేమక్కడ ఉన్నామన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. మేరీ నా కొంగు పట్టి లాగింది. చప్పుడు కాకుండా గట్టెక్కాం.

గట్టు మీది ఇల్లు

దారికి పక్కనే మొదటి ఇల్లు పైడయ్యది. కంచె దగ్గర చేతిలో చాటతో ఒకావిడ నిలబడి ఉంది. చాటలో బియ్యం ఉన్నాయిగానీ చెరగడం లేదు. ముక్కు, కళ్ళు నూకరాజువే. మేరీ చెప్పకపోయినా అక్క అని తెలిసిపోయింది. తమ్ముడి దోనె తమ రేవుకు రావడం అక్కడినుంచే చూసినట్టుంది. దిగి రాలేదు.

"సిస్టరమ్మా" అంది మెల్లగా. "ఆలిద్దరూ మాటాడుకుంటన్నారా?"

"తిట్టుకుంటున్నారమ్మా" అంది మేరీ.

"మీ సేత సెప్పించుకునా, ఎదురెదురుగానా?"

"ముందు నాతో చెప్పించినారు" అన్నాను నేను. "ఇప్పుడు ఎదురెదురుగానే."

ఆమె కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుని, ఆవ వైపు చూసింది. తర్వాత గబగబా లోపలికి వెళ్ళి, ఇంకో సోలెడు బియ్యం తెచ్చి చాటలో పోసింది. అరుగు మీద కూర్చుని రాళ్ళేరడం మొదలుపెట్టింది. మట్టి కొట్టుకుపోయిన నా కాళ్ళ మీద ఆమె చూపు పడింది.

"అక్కడ కుండలో నీల్లున్నాయి. కాల్లు కడుక్కుని కూకోండి. ఏడేడిగా అన్నం తిని ఎల్దురుగాని" అంది.

కింద రేవులో పైడయ్య గొంతు ఇంకా పెద్దదైంది. నూకరాజు దానికి మించి అరిచాడు. మేరీ కంగారుగా లేవబోయింది.

"అరవనీయండి" అంది ఆవిడ, బియ్యం మీంచి తల ఎత్తకుండా.